సెంటర్ నంబర్ అడిగేవాళ్ళకి

మా పెద్దన్న మందు మానేశాడన్న సంగతి చుట్టాల్లో పాకిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. పెళ్ళిళ్ళలో తప్ప పలకరించనివాళ్ళు కూడా చేస్తున్నారు. కాసేపు పిల్లల చదువులు, వానలు అయ్యాక గొంతు తగ్గించి అసలు విషయానికొస్తారు. "మీ అన్నని ఏ సెంటర్‌ల వేసిన్రమ్మా? ఎంత తీసుకున్నరు? ఎన్ని నెలలు ఉంచుకున్నరు?" సెంటర్ అంటే మందు మాన్పించే డీ-అడిక్షన్ సెంటర్.

సెంటర్‌లో వెయ్యలేదు, మీటింగులకి పోతాడు అని చెప్తే అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "అంటే ఇంట్లనే ఉంటడా మరి?"

ఆ ప్రశ్న వెనకున్న అలసట నాకు తెలుసు. రాత్రి పదింటికి బండి చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునే ఇంట్లో, ఆ మనిషిని కొన్నాళ్ళు ఎవరైనా తీసుకుపోతే బావుండు అనిపించడంలో తప్పేం లేదు. కానీ వెతుకులాట అంతా అక్కడే మొదలై అక్కడే ఆగిపోతోంది. భార్య, అన్నదమ్ములు, బావమరుదులు అందరూ కలిసి సెంటర్ వెతుకుతారు. తాగేవాడు మాత్రం దేన్నీ వెతకడు, అతన్ని ఎవరూ వెతకమనరు కూడా. నా వాదన దీనికి తలకిందులు. అతని మీటింగ్ అతనే వెతుక్కోవాలి. ఇంట్లోవాళ్ళు వెతకాల్సింది తమ మీటింగ్. అవును, వాళ్ళకీ ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

మీటింగ్ అంటే నేను చెప్తున్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి. అందరూ ఏఏ అంటారు. మన దేశంలో 1957 నుంచీ ఉంది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లో, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల సాయంత్రాలు ఏదో ఒక స్కూలు గదిలోనో, చర్చి ఆవరణలోనో, ఆస్పత్రి హాల్లోనో కొంతమంది కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి ఒక్కొక్కరు తమ కథ చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు. దీన్ని షేరింగ్ అంటారు. గంటా గంటన్నరలో అయిపోతుంది. ఫీజు లేదు. చివర్లో ఒక సంచి తిప్పుతారు, వేసేవాళ్ళు పదో ఇరవయ్యో వేస్తారు, లేనివాళ్ళు పక్కకి అందిస్తారు. గది అద్దె, టీ ఖర్చు అందులోంచే. బయటివాళ్ళ విరాళం తీసుకోరు. సభ్యత్వానికి ఉండాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. మానేసి ఉండాలన్న నియమం కూడా లేదు, మానాలనిపిస్తే చాలు.

డాక్టర్ ఉండడు, కౌన్సిలర్ ఉండడు, తాళం వేసిన గేటు ఉండదు. మా చుట్టాలకి నమ్మకం కుదరంది సరిగ్గా ఇక్కడే. "తాగుబోతులంతా ఒక్కచోట కూసుంటే ఏమైతది, కలిసి తాగుడే కదా" అన్నాడు మా బాబాయి. నవ్వొచ్చింది గానీ, ఆ మాటకి జవాబు 1935లో ఉంది.

ఆ ఏడాది మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ ఏదో వ్యాపారం పని మీద అమెరికాలోని ఆక్రన్ అనే ఊరికొచ్చాడు. ఆ పని చెడిపోయింది. చుక్క ముట్టకుండా అప్పటికి ఐదు నెలలు. హోటల్ లాబీలో ఒక పక్క బార్, జనం నవ్వులు. ఇంకోపక్క ఊళ్ళో చర్చిల ఫోన్ నంబర్ల పట్టిక. ఆ సాయంత్రం తాను తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించి, ఆ పట్టికలోని నంబర్లకి ఫోన్లు మొదలుపెట్టాడు. ఎవరినో ఉద్ధరించడానికి కాదు, తన ప్రాణం నిలుపుకోవడానికి. అలా ఒకరి నుంచి ఒకరికి మాట వెళ్ళి, హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ ద్వారా ఆ ఊరి సర్జన్ బాబ్ స్మిత్ దొరికాడు. ఆయన విపరీతంగా తాగేవాడు. మర్నాడు హ్యాంగోవర్‌తో వచ్చి, పదిహేను నిమిషాలే ఉంటానన్నాడు. ఇద్దరూ ఆరు గంటలకి పైగా మాట్లాడుకున్నారు. బాబ్ ఆఖరిసారి తాగింది 1935 జూన్ 10న. ఏఏ పుట్టినరోజుగా ఇప్పటికీ లెక్కపెట్టేది ఆ తేదీనే.

ఇందులో నాకు ఎదురు తిరిగే విషయం కూడా ఒకటుంది, దాచను. బాబ్ తనంతట తాను రాలేదు. ఆయన భార్య ఆన్ వెంటబెట్టుకుని వచ్చింది. అంటే ఇంటివాళ్ళ ప్రమేయం ఉంది. కాకపోతే ఆవిడ చేసింది అంతవరకే. ఆయన్ని మార్చిన మాట ఆవిడది కాదు, ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చెప్పినవేవీ పనిచేయలేదు. పనిచేసింది తనలాగే తాగి పాడైన ఇంకొకడి మాట. మా వదిన ఏడ్చి చెప్పింది, మా అమ్మ ఒట్టు వేయించుకుంది, బాపు అయితే మాట్లాడటమే మానేశాడు. ఒక రిటైర్డ్ ఉద్యోగి టీ గ్లాసు చేతికిచ్చి, "నేనూ జీతం రోజు ఇంటికి పోకపోయేటోన్నే" అని తన సంగతి చెప్పుకున్నాక గానీ మా అన్న తల ఎత్తలేదట. ఇంతకంటే లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, తెలిసినా రాయను. ఆ గదిలో చూసింది, విన్నది ఆ గదిలోనే వదిలెయ్యాలి. అనానిమస్ అన్న పేరుకి కారణం అదే. మా అన్న పేరు, ఊరు ఇక్కడ రాయకపోవడానికి కారణం కూడా అదే.

మీటింగ్ వెతకడానికి ముందు ఒక మాట. వాదన పక్కన పెట్టి చెప్తున్నాను. రోజూ పొద్దున్నే చుక్క పడితే గానీ చేతుల వణుకు తగ్గని మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేనివి కనపడతాయి, ఎక్కడున్నారో తెలియదు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే చనిపోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం ఎలా వచ్చిపడ్డారో టీవీల్లో చూశాం కదా, ఇదే. కొన్ని రోజులు డాక్టర్ పర్యవేక్షణలో మందులు, బి1 విటమిన్ ఇస్తే దాటిపోయే గండం అది. కాబట్టి అలాంటివాళ్ళకి మొదట ఆస్పత్రి, ఆ తర్వాత మీటింగ్. మా అన్న విషయంలోనూ మొదటి వారం జనరల్ వార్డే. ఎక్కడికి పోవాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. వ్యసనాల కోసమే ఉన్న కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446.

పనిలో పనిగా ఇంకోటి. అన్నంలో తెలియకుండా కలిపిపెట్టే పొడులు, మాత్రలు. ప్రతి జిల్లాలోనూ ఒకాయన ఇస్తుంటాడు. మెడికల్ షాపులో దొరికే డైసల్ఫిరామ్‌ని కూడా కొందరు అలాగే కలుపుతారు. డాక్టర్ చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకుంటే అది పనికొచ్చే మందే. తెలియకుండా పెడితే, దాని మీద తాగినప్పుడు మొహం ఎర్రబడి, గుండె దడ వచ్చి, వాంతులై, బీపీ పడిపోతుంది. మనుషులు పోయిన సందర్భాలున్నాయి. మాత్ర ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ప్రేమతో చేసినా అది విషప్రయోగమే.

ఇక సెంటర్ల సంగతి. అన్నీ చెడ్డవని నేననను. మంచి డాక్టర్లున్నవి ఉన్నాయి, ప్రభుత్వ సాయంతో నడిచేవి ఉన్నాయి, కొన్నిటిలో వారానికోసారి ఏఏ వాళ్ళే వచ్చి మీటింగ్ పెడతారు. కొందరికి ఇంటి నుంచి, బెల్టు షాపు నుంచి దూరంగా కొన్ని వారాలు ఉండటం తప్పనిసరి. నా గొడవ రాత్రిపూట వ్యాన్‌తో వచ్చి చేతులు కట్టి తీసుకుపోయే రకంతో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. అలాంటివాళ్ళని చేర్చుకునే సంస్థకి రిజిస్ట్రేషన్ ఉండాలి. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. ఇంట్లోవాళ్ళు డబ్బు కట్టారు కదా అని ఒక మనిషిని తాళం వేసి ఉంచే హక్కు ఎవరికీ రాదు. మాకు తెలిసిన ఒకాయన్ని అలాగే తీసుకుపోయారు. తిరిగొచ్చాక ఆయన మొదట తెగతెంపులు చేసుకుంది భార్యతో, మందుతో కాదు.

సరే, మంచి సెంటరే దొరికింది, మూడు నెలలు అయిపోయాయి అనుకుందాం. ఇంటికొచ్చిన మర్నాడు సాయంత్రం ఏడింటికి ఏం చేస్తాడు? తాగే మనిషికి ఏడు గంటలు అంటే గడియారంలో ఒక అంకె కాదు. డ్యూటీ దిగాడు, జేబులో డబ్బులున్నాయి, అదే దారి, అదే వైన్స్, అదే దోస్తులు. సెంటర్ ఆ మూడు నెలలకి సమాధానం. మీటింగ్ ఏడు గంటలకి సమాధానం. ఏఏ మీటింగులు చాలావరకు సాయంత్రాలే పెట్టడంలో ఉన్న తెలివి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

లెక్క ప్రకారం చూసినా ఇంతే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసైనవాళ్ళు దాదాపు 2.9 కోట్ల మంది. వాళ్ళలో ఏదో ఒక రకం చికిత్స అందింది 38 మందిలో ఒకరికి. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒకరు. మన సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 43.3 శాతం మంది తాగుతామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. అందరూ బానిసలు కాదు, నిజమే. బానిసలైనవాళ్ళకి మాత్రమే మంచాలు వెయ్యాలన్నా ఏ ప్రభుత్వం వల్లా కాదు. కుర్చీలు వెయ్యగలం.

"పనిచేస్తుందని గ్యారంటీ ఏంటి?" అని అడిగినవాళ్ళకి గ్యారంటీ లేదనే చెప్తాను. 2020లో, వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్ళు 27 అధ్యయనాల్ని, పదివేలకి పైగా మనుషుల సమాచారాన్ని కలిపి చూశారు. ఏఏలో చేరేలా, చేరి కొనసాగేలా పద్ధతిగా సాయపడే కార్యక్రమాల్ని మిగతా చికిత్సలతో పోల్చారు. ఏడాది తర్వాత అసలు ముట్టకుండా ఉన్నవాళ్ళు ఈ పక్క 42 శాతం, ఆ పక్క 35 శాతం. తేడా ఉంది, అద్భుతం లేదు. సగానికి పైగా మళ్ళీ తాగారనే కదా అర్థం. అందుకే ఆ గదిలో మళ్ళీ తాగి వచ్చినవాడిని ఎవరూ గెంటరు. స్లిప్ అయ్యాడంటారు, కుర్చీ జరుపుతారు.

ఇప్పుడు వెతకడం ఎలాగో చెప్తాను. ఇంటర్నెట్‌లో ఏఏ ఇండియా వాళ్ళ సైట్ ఉంది, ముంబైలో వాళ్ళ ఆఫీసుంది. నగరం పేరు కొడితే గ్రూపుల పేర్లు, రోజులు, టైములు, ఫోన్ నంబర్లు వస్తాయి. మొదటి ఫోన్ తాగే మనిషి చేస్తేనే మంచిది. అవతల ఎత్తేది ఉద్యోగి కాదు, మానేసిన ఇంకొకరు. మా వదిన చేసినప్పుడు వాళ్ళు మర్యాదగా అంతా విని, "ఆయన్నే ఒకసారి మాట్లాడమనండి అమ్మా" అన్నారు. వదినకి కోపమొచ్చింది. ఆ ఫోన్ మా అన్న చేయడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఇంట్లో మేం పడ్డ టెన్షన్ వేరే కథ. కానీ చేసింది అతనే కాబట్టి, తర్వాత "మీరు పంపించిన్రని పోయిన" అనే మాట అతని నోట రాలేదు.

లిస్టులో ఉన్న ప్రతి మీటింగూ జరుగుతూ ఉంటుందనుకోవద్దు. గది మారుతుంది, స్కూలుకి పరీక్షలొస్తాయి, గ్రూపు పలచబడి ఆగిపోతుంది. తాళం వేసిన గేటు ముందు నిలబడ్డ కొత్తవాడు అటు నుంచి అటే ఎక్కడికి పోతాడో ఊహించడం కష్టం కాదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి "ఈ రోజు ఉందా" అని అడగాలి. చాలా గ్రూపుల్లో, కొత్తవాళ్ళంటే ఎవరో ఒకరు బస్టాప్ దాకా ఎదురొస్తారు.

ఇంకా ముఖ్యమైంది భాష. మా అన్న మొదట వెళ్ళిన చోట అందరూ ఇంగ్లీషులో మాట్లాడారు. మంచివాళ్ళే, టీ ఇచ్చారు, భుజం తట్టారు. ఇంటికొచ్చి "అది సార్లది" అన్నాడు. ఇంకోసారి పోనన్నాడు. మా ఇంట్లో అందరూ దాంతో ఏఏ కథ అయిపోయిందనుకున్నారు. నిజానికి అయిపోయింది ఆ ఒక్క గది కథ. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, హిందీ, తెలుగు మీటింగులు వేరువేరుగా ఉంటాయి. సిగ్గుపడే విషయాలు మనిషి తన భాషలోనే చెప్పగలడు. కూతురి ఫీజు డబ్బులు తాగేసిన సంగతి అరువు భాషలో చెప్పమంటే ఎవడు చెప్తాడు? రెండోది తెలుగు మీటింగ్, బస్సులో ముప్పావు గంట. అక్కడ ఒక ఆటో డ్రైవరు, ఒక లెక్చరరు పక్కపక్కన కూర్చుంటారట. అక్కడ కుదిరింది.

ఓపెన్ మీటింగ్, క్లోజ్డ్ మీటింగ్ అని రెండు రకాలుంటాయి. ఓపెన్‌కి ఇంట్లోవాళ్ళు, తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా పోవచ్చు. క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఎవరో వార్షికోత్సవానికి ఓపెన్ మీటింగ్ పెడితే నేనూ వెళ్ళాను. మానేసి ఇన్నేళ్ళయిందని కేక్ కోశారు. నా పక్కన కూర్చున్నాయన పుట్టినరోజులకి ఏళ్ళు లెక్కపెట్టడం అలవాటైందిగానీ, లోపల మాత్రం "ఈ ఒక్క రోజుకి తాగను" అనే అనుకుంటానని చెప్పాడు. జన్మలో ముట్టనని ఒట్టు వేయించే మన పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. జన్మంతా అనేసరికి ఆ బరువుకే మనిషి సాయంత్రానికి వంగిపోతాడు.

ఊళ్ళో పెద్దవాళ్ళకి ఇదంతా వివరించాలంటే నేను అయ్యప్ప మాల సంగతి ఎత్తుతాను. రోజూ తాగేవాడు మాల వేసుకుని నలభై ఒక్క రోజులు ముట్టకపోవడం మన వీధుల్లో ప్రతి కార్తీకంలో చూసేదే. నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక మాత్రమే పట్టి ఉంచాయా అతన్ని? సాయంత్రం కాగానే పీఠం దగ్గర భజన ఉంది. పక్కన అదే దీక్షలో ఉన్న పదిమంది స్వాములున్నారు. తడబడితే అడగడానికి గురుస్వామి ఉన్నాడు. నిన్నటిదాకా ఛీ అన్నవాళ్ళే "స్వామీ" అని పిలుస్తున్నారు. ఏడు గంటలకి వెళ్ళడానికో చోటు, మనలాంటివాళ్ళు, ముందు నడిచినవాడు ఒకడు. ఏఏలోనూ ఇవే ఉన్నాయి, అక్కడ ముందు నడిచినవాణ్ణి స్పాన్సర్ అంటారు. మాల తీసిన సాయంత్రమే కొందరు మళ్ళీ సీసా ఎత్తడానికి కారణం భక్తి చాలక కాదు, ఆ పదిమందీ ఎవరి దారిన వాళ్ళు పోయారు కనక. మీటింగుకి మాల తీసే రోజు లేదు. (చేతులు వణికే స్థితిలో ఉన్నవాళ్ళు మాల వేసుకునే ముందు కూడా డాక్టర్ని కలవాలి. గురుస్వాములు ఈ మాట గట్టిగా చెప్పాలని నా కోరిక.)

దేవుడి మాట వచ్చింది కాబట్టి, చర్చి మాట కూడా. మా బాపు అడిగిన మొదటి ప్రశ్న "మతం మారుస్తరా?" అని. చాలా ఇళ్ళల్లో పైకి అడగకపోయినా లోపల ఉండే అనుమానమే. చర్చి ఆవరణలో పెట్టడానికి కారణం సాయంత్రాలు ఖాళీ గది తక్కువ అద్దెకి ఇచ్చేవాళ్ళు వాళ్ళే కావడం. ఏఏలో తాగుడు మానడానికి దారిగా పెట్టుకున్న పన్నెండు మెట్లలో దేవుడు ఉన్నాడు, "మేం అర్థం చేసుకున్న రీతిలో" అన్న మాటతో. ఒకరికి వేంకటేశ్వరస్వామి, ఒకరికి అల్లా, ఒకరికి ఆ గదిలోని మనుషులే. అయినా ఆ భాష మింగుడుపడని నాస్తికులుంటారు. వాళ్ళ ఇబ్బంది నిజమైనదే, దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. అలాంటివాళ్ళకి స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన మరో పద్ధతి ఉంది. దేవుడి ప్రసక్తి లేదు, మనస్తత్వశాస్త్రం ఆధారంగా నడుస్తుంది. ఆన్‌లైన్‌లో చేరవచ్చు. తెలుగు కంటే ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే ఎక్కువ పనికొస్తుంది, అదే దాని లోటు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. తెలంగాణలో 6.7 శాతం మంది ఆడవాళ్ళు తాగుతామని అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పారు, దేశంలో ఇది ఎక్కువే. పండగకి కల్లు పోసుకోవడం మన దగ్గర తప్పు కాదు. ఆ గీత దాటి బానిసైన ఆడమనిషికి మాత్రం దాక్కోవడమే దారి. నిండా మగవాళ్ళున్న గదిలోకి వెళ్ళి "నేను ఆల్కహాలిక్‌ని" అనమంటే ఎలా? మహిళల మీటింగులు పెద్ద నగరాల్లో ఉన్నా అరుదు. వీడియో ఆపేసి, పేరు మార్చుకుని చేరగలిగే ఆన్‌లైన్ మీటింగులు కరోనా తర్వాత పెరగడం వీళ్ళకి నిజంగా మేలు చేసింది. దుబాయ్‌లో గదిలో ఒంటరిగా తాగే మనవాళ్ళకి కూడా.

ఇంట్లోవాళ్ళ మీటింగ్ పేరు అల్-అనాన్. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఆన్ అనే ఇంకొకావిడ (బాబ్ భార్య ఆన్ కాదు) కలిసి 1951లో మొదలుపెట్టారు. ఏఏ సభ్యుల భార్యలు మీటింగ్ అయ్యేదాకా బయట ఎదురుచూస్తూ మాట్లాడుకున్న మాటల్లోంచి పుట్టింది అది. మా వదినని నేనే వెంటపెట్టుకుని వెళ్ళాను. "తాగేది ఆయనైతే నేనెందుకు పోవాలె?" అంది దారంతా. సమంజసమైన ప్రశ్న. ఆవిడ రోజు ఎలా గడిచేదో చెప్తే జవాబు దొరుకుతుంది. పొద్దున సీసాల వేట, మధ్యాహ్నం ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం, సాయంత్రం జేబులు తడమడం, రాత్రి వాంతులు కడగడం. ఇరవై నాలుగు గంటలూ ఆ సీసా చుట్టూ తిరిగేది తాగేవాడొక్కడే కాదు. అల్-అనాన్‌లో ఆవిడకి నేర్పింది భర్తని మాన్పించే కిటుకు కాదు. అబద్ధపు ఫోన్ చెయ్యకపోతే ఏమవుతుందో చూడమన్నారు. ఆ నెల జీతం కోత పడింది. ఇంట్లో అందరం వదినని తిట్టుకున్నాం. ఆఫీసులో సూపర్‌వైజర్ మొహమ్మీద అడిగాకే మా అన్న ఏఏకి ఫోన్ చేశాడు. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో వదిన ఇప్పటికీ తేల్చి చెప్పదు.

ఆయన ఇంకా తాగుతూ ఉన్నా ఆవిడ ఆ మీటింగుకి పోతూనే ఉండేది. నిద్ర పడుతోంది అనేది. నాకైతే అదొక్కటే చాలనిపించింది.

మన రాష్ట్రాల చరిత్రలో ఆడవాళ్ళు సారాయి మీద చేసిన పోరాటం చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై, 1993లో సారాయి నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా తెచ్చింది. 1997లో ఆ నిషేధం పోయింది. తర్వాత ఏ ప్రభుత్వమొచ్చినా ఎక్కువగా షాపులు ఎవరు నడపాలి, లైసెన్సులు ఎలా ఇవ్వాలి అన్న చర్చే. షాపు గురించి ముప్పై ఏళ్ళుగా మాట్లాడుతున్నాం, మానాలనుకున్నవాడు సాయంత్రం ఎక్కడికి పోవాలన్నది ఏ మేనిఫెస్టోలోనూ నేను చూడలేదు. ఎక్సైజ్ ఆదాయంలోంచి ఏఏకి డబ్బివ్వమని నేను అడగను, ఇచ్చినా వాళ్ళు తీసుకోరు. వాళ్ళకి కావాల్సింది అద్దెకి ఒక గది, కాస్త బస్సు సౌకర్యమున్న చోట, సాయంత్రం గంటన్నర. మండలానికో కమ్యూనిటీ హాలు, జూనియర్ కాలేజీ, గ్రంథాలయం ఉన్నాయి. ఆరు దాటితే అన్నిటికీ తాళాలే.

గ్రూపు పెట్టడానికి పెద్ద తతంగం కూడా అక్కర్లేదు. తాగకుండా ఉండటం కోసం ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే దాన్ని ఏఏ గ్రూపు అనుకోవచ్చని వాళ్ళ సంప్రదాయమే చెప్తుంది. మా సొంతూరు వైపు ఒక మండల కేంద్రంలో అలా ఒకటి మొదలుపెట్టాలని మా అన్న, ఇంకొకాయన తిరుగుతున్నారు. స్కూలు హెడ్‌మాస్టర్ మంచాయనే, గది ఇస్తానన్నాడు. వచ్చేవాళ్ళ పేర్లు, ఆధార్ నంబర్లతో లిస్టు ఇవ్వమన్నాడు. ఆ లిస్టు ఇస్తే ఎవరూ రారు. పంచాయతీ ఆఫీసులో తీర్మానం కావాలన్నారు. ప్రస్తుతం ఒక ఫంక్షన్ హాలు ఓనర్‌తో బేరం నడుస్తోంది. వెనకవైపు డైనింగ్ గది వారానికి ఒక సాయంత్రం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు గానీ, పెళ్ళిళ్ళ సీజన్‌లో మాత్రం కుదరదంటున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లోనే ఎక్కువ అవసరమని మావాళ్ళు ఆయనకి నచ్చజెప్తున్నారు.